సూరతు ధర్మకాంట
(బండి తూనిక పుట్టుపూర్వోత్తరములు)

కొంతకాలము క్రిందట ప్రభుత్వ కార్యార్థమై సూరతు నగరమునకు పోవలసి వచ్చినది. పని ముగించుకొని జాతీయ రహదారిమీదుగా మరలి వచ్చుచుండగా ఒక సుంకపు గేటుకడ మా వాహనము నిలిచినది. ప్రక్క వరుసలో నొక లారీ నేలలో పొదిగిన పలకమీదుగా మెల్లగా సాగిపోయినది. అది ఆగలేదు, ఎవరును దానిని ఆపి తూచలేదు. అయినను గాజుగదిలోని తెరమీద దాని బరువు అంకెలలో ప్రత్యక్షమైనది. వెంటనే ఒక ఉద్యోగి చేయి చాచి లారీని ప్రక్కకు మళ్ళించెను. పరిమితికి మించిన బరువున్నదట!

లారీ తోలువాడు క్రిందికి దిగి నెత్తికి చుట్టుకొన్న తువాలు విప్పి దులుపుకొనుచు, తనలో తాననుకొన్నట్లు, "బయలెల్లిన కాడ ఒక తూకం జూపె, ఈడొక తూకం జూపె. నడుమల బరువు నేనేమన్న పుట్టిచ్చిన్నా?" అనెను. పరదేశమున మాతృభాష వినబడినంతనే చెవులు నిక్కబొడుచుకొనుట తెలుగువాని సహజ గుణము. నేను పలుకరించితిని. అతడు నిజామాబాదు ప్రాంతమువాడు. పసుపు బస్తాలు తెచ్చుచున్నాడు. "సార్, మీరు సర్కారోళ్లు. రెండు కాంటల్ల ఏది నిజమో మీరే చెప్పాలె" అని నన్నే మధ్యవర్తిని చేసెను.

నేను ఇంజనీరును కాను. కళాశాలలో చరిత్రము చదివి, సచివాలయమున దస్త్రముల నడుమ ఇరువదేండ్లుగా కాలము గడుపుచున్నవాడను. అతని ప్రశ్నకు నాకడ సమాధానము లేకపోయినది. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ ప్రశ్న నన్ను విడిచిపెట్టలేదు. దొరికిన గ్రంథములను, నివేదికలను తిరుగవేయగా అది సామాన్యమైన ప్రశ్న కాదనియు, నాలుగువందల యేండ్లుగా సూరతు నగరమును, ఆ నగరమునుండి మన తెలుగు దేశమునకు వచ్చు బాటను అంటిపెట్టుకొనియున్న ప్రశ్న యనియు తెలిసినది. ఆ విషయమును మన సంఘ సభ్యులతో పంచుకొనుటయే ఈ చిన్న వ్యాసముయొక్క ఉద్దేశము.

సూరతు మణుగు

తూనిక రాజ్యాంగమంత పాతది. కౌటిల్యుని అర్థశాస్త్రమున తూనికలకు, కొలతలకు ప్రత్యేకముగా ఒక అధ్యక్షుడు చెప్పబడియున్నాడు. వర్తకులు తమ పడికట్టు రాళ్ళను నాలుగు మాసముల కొకసారి తెచ్చి రాజముద్ర వేయించుకొనవలెను, వేయించుకొననివానికి దండన. కాకతి గణపతిదేవ చక్రవర్తి 1244-45 ప్రాంతమున మోటుపల్లి రేవులో వేయించిన అభయ శాసనమున ఏయే సరకునకు ఎంతెంత సుంకమో స్పష్టముగా నిర్ణయించి, అంతకు మించి పుచ్చుకొనబోమని విదేశీ వర్తకులకు మాట యిచ్చెను. సుంకము న్యాయముగా నుండవలెనన్నచో ముందు తూకము న్యాయముగా నుండవలెనను సంగతి మనవారు ఏనాడో గుర్తించిరి.

మొగలాయీల కాలమున పడమటి సముద్రతీరమున సూరతునకు సాటివచ్చిన రేవు లేదు. 1608లో విలియం హాకిన్సు 'హెక్టరు' ఓడతో అక్కడికి చేరెను. 1613లో ఆంగ్లేయులకు అక్కడ వర్తకశాల నడుపుకొనుటకు పాదుషా ఫర్మానా లభించెను. అంతకు రెండేండ్లకు ముందే, అనగా 1611లో, వారు మన మచిలీపట్టణమున కాలూనిరి. ఒకే కంపెనీకి రెండు తీరములలో రెండు కొట్లు. అయితే రెండు కొట్లలోను మణుగు ఒక్కటి కాదు!

గుజరాతు మణుగు పదునేడవ శతాబ్ది ఆరంభమున సుమారు 33 పౌనులు. 1634 ప్రాంతమున దానిని హెచ్చించగా సుమారు 37 పౌనులైనది. దక్షిణమున చెన్నపట్టణపు కంపెనీ లెక్కలలో స్థిరపడిన మణుగు 25 పౌనులు మాత్రమే. మనకు ఎనిమిది వీసెలు ఒక మణుగు, ఇరువది మణుగులు ఒక బారువ. సూరతులోను ఇరువది మణుగులే ఒక 'ఖండీ'. పేర్లు ఒకటే, లెక్క ఒకటే. బరువు మాత్రము వేరు. మణుగు మణుగని వ్రాసిన చీటీ ఒక రేవునుండి మరియొక రేవునకు పోవునప్పటికి అబద్ధమగుచుండెను. వ్రాసినవాడు అబద్ధీకుడు కాడు, చదివినవాడు మోసగాడు కాడు. తప్పు పడికట్టులో నున్నది. మా లారీవాని ఫిర్యాదు ఇదియే కదా! అతనికి నాలుగువందల యేండ్లకు పూర్వమే ఇదే ఫిర్యాదుతో కంపెనీ గుమాస్తాలు తల పట్టుకొనియుందురు.

ఇంగ్లండు రాయబారి సర్ తామస్ రో 1615లో సూరతు రేవుననే దిగి జహంగీరు పాదుషా కొలువునకు పోయెను. 1617లో మాండూ నగరమున పాదుషా జన్మదినోత్సవమునాడు ఆయనను త్రాసులో కూర్చుండబెట్టి తూచుట రో కన్నులార చూచెను. ఒక సిబ్బెలో చక్రవర్తి, మరియొక సిబ్బెలో వెండి, బంగారము, వస్త్రములు, ధాన్యము. సత్యభామ తులాభారము తెలిసిన మనకు ఇది వింత కాదు. అయితే చక్రవర్తి త్రాసులో కదలక కూర్చుండెను. ముల్లు నిలుచువరకు అందరును ఊపిరి బిగబట్టి వేచియుండిరి. తూకమునకు నిలుకడ ప్రాణమను సూత్రము అప్పటికి మారలేదు. కదలుచున్న వస్తువును తూచవచ్చునని ఎవ్వరును కలగనలేదు.

సూరతునుండి గోలకొండకు

సూరతు బాట మనకు పరాయిది కాదు. ఫ్రెంచి వజ్రవర్తకుడు తవర్నియే తాను సూరతునుండి దౌలతాబాదు మీదుగా గోలకొండకు చేసిన ప్రయాణమును మజిలీ మజిలీగా వ్రాసిపెట్టెను. ఆ దూరమును 27 దినములలో గడచితినని అతడు చెప్పెను. అతడు పేర్కొన్న నవాపురమును దాటియే నేటి 53వ సంఖ్య జాతీయ రహదారి సూరతునుండి ధూలియాకు పోవుచున్నది. అతని కాలమువాడే యగు తెవెనో అను మరియొక ఫ్రెంచి యాత్రికుడు మన నిజామాబాదు మండలములోని ఇందల్వాయిని గూర్చి వ్రాయుచు, అచ్చటి కత్తులను, బాకులను ప్రశంసించెను. ఆ ఇందల్వాయికడ నేడు 44వ సంఖ్య జాతీయ రహదారిమీద సుంకపు గేటు వెలసినది. కత్తులు పోయినవి, కాంటలు వచ్చినవి.

ఆనాటి సరకు రవాణాను తవర్నియే వర్ణించిన తీరు మనోహరముగా నుండును. ధాన్యము, ఉప్పు మోయు ఎద్దుల బిడారులో ఒక్కొక్కప్పుడు పదివేలు, పండ్రెండువేల ఎద్దులు నడచుచుండెనట. ఇరుకు దారిలో అట్టి బిడారు ఎదురైనచో అది దాటిపోవువరకు రెండు మూడు దినములు వేచియుండవలసి వచ్చుచుండెను. బండ్ల వరుసలలో నూరో, రెండునూర్లో బండ్లుండును. ఒక్కొక్క బండికి పది పండ్రెండు ఎద్దులు. ఆ కాలమున బాటమీద బరువును తూచు అధికారి లేడు. ఏలయనగా ఎద్దే తూకము. మోయలేని బరువు వేసినచో అది కూలబడును. పెరిక ఎద్దు మోయగలిగినంతయే న్యాయమైన బరువు. ప్రకృతియే పరిమితి విధించినందున దారికి హాని లేకపోయినది.

అదే బాటవెంట ఎద్దు మోయనక్కరలేని సరకు కూడ పోయెడిది. అది మన గనుల వజ్రము. దానిని మంజాడి గింజతో తూచుచుండిరి. వజ్రపు గనుల ఊరిలో పదియేండ్లు మొదలు పదునారేండ్ల వరకు గల వర్తకుల పిల్లలు చెట్టునీడను చేరి, ఒక ప్రక్క తూనికరాళ్ళ సంచి, మరియొక ప్రక్క వరహాల సంచి కట్టుకొని కూర్చుండుటను తవర్నియే మెచ్చుకొని వ్రాసెను. ఎవడైన రాయి తెచ్చినచో ఆ బాలురలో పెద్దవాడు చూచి, తక్కినవారికి చూపి, బేరము చేయుచుండెనట. నేడు ప్రపంచపు వజ్రములలో అధికభాగము సానపట్టబడుచున్న నగరము సూరతే. ఒకే ఊరిలో ఇంటిలోపల గింజయెత్తు రాయిని తూచు కాంటలు, ఊరివెలుపల నలువది టన్నుల లారీని తూచు కాంటలు. రెంటికిని ఒకే ధర్మము.

బండిని తూచుట

బండిని సరకుతోకూడ తూచవలెనను అవసరము మొదట ఇంగ్లండులో కలిగినది. పదునెనిమిదవ శతాబ్దిలో అక్కడ సుంకపు బాటలు వెలసినవి. బరువు బండ్లు దారులను గోతులు చేయుచుండుటచే, 1741 నాటి శాసనము బాట ధర్మకర్తలకు బండ్లను తూచు యంత్రములు నెలకొల్పు నధికారము నిచ్చినది. ముందు బండిని గొలుసులతో పైకెత్తి తూచుచుండిరి. ఆ దినములలోనే బర్మింగ్‌హాము నగరవాసి జాన్ వాయట్ మీటలను జోడించి, బండిని నేలమట్టపు పలకమీదికి నడపి తూచు ఉపాయము కనిపెట్టెను. 1830 తర్వాత అమెరికాలో ఫేర్‌బ్యాంక్సు చేసిన పలకకాటా లోకమంతట వ్యాపించెను. మన పట్టణముల పొలిమేరలలో బస్తాల లారీలు ఎక్కి దిగు వేబ్రిడ్జి ఆ వంశములోనిదే. గుజరాతులోను, మన తెలంగాణమునను దానికి జనులు పెట్టుకొన్న పేరు ఒక్కటే: ధర్మకాంట. ఎంత చక్కని పేరు! తూచువాడు ఎవ్వరైనను తూకము ధర్మానిదని దాని భావము.

మన దేశమున 1939 నాటి మోటారు వాహనముల చట్టము, దాని స్థానమున వచ్చిన 1988 చట్టము వాహనముల బరువునకు హద్దులు ఏర్పరచినవి. 1956 శాసనమును అనుసరించి 1958 అక్టోబరు 1వ తేదీ మొదలు మెట్రిక్ తూనికలు వచ్చుటతో సూరతు మణుగు, చెన్నపట్టణపు మణుగు రెండును క్రమముగా సెలవు తీసుకొన్నవి. కిలోగ్రాము దేశమంతటికి పడికట్టైనది. కంపెనీ గుమాస్తాల తలనొప్పి అంతటితో తీరినది. కాని క్రొత్త తలనొప్పి అప్పటికే పుట్టియున్నది.

ఇరుసు బరువు

లారీ యెద్దు కాదు. బరువు మించినను కూలబడదు, రొప్పుచునైనను పోవును. కూలబడునది దారి. ఎంత బరువునకు ఎంత కూలబడునో తెలిసికొనుటకై అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రపు ఆటవా పట్టణముకడ 1958 మొదలు 1960 వరకు ఒక మహాపరీక్ష జరిగినది. ప్రత్యేకముగా వేసిన దారులమీద సైనికులు రేయింబవళ్ళు లారీలను నడపిరి. ఇరుసులు పది లక్షల సారులకు మించి ఆ దారులమీద నడచినవి. తేలిన ఫలితమును ఇంజనీర్లు 'నాలుగవ ఘాతపు సూత్రము' అందురు. అనగా ఇరుసు బరువు రెట్టింపైనచో దారికి కలుగు నష్టము రెట్టింపు కాదు, పదునారు రెట్లు. పదింట ఒక వంతు హెచ్చినచో నష్టము దాదాపు ఒకటిన్నర రెట్లు. మన ఇంజనీర్లు ప్రమాణముగా గొను ఇరుసు బరువు 8.16 టన్నులు. అర టన్ను ఇరుసు గల చిన్న కారు దారికి చేయు కీడుతో పోల్చినచో అట్టి యొక్క లారీ ఇరుసు చేయు కీడు డెబ్బదివేల రెట్లు! మన సంఘ సభ్యులు కార్లలో పోవుచు రోడ్లు పాడైనవని వగచునప్పుడు ఈ లెక్కను స్మరింతురు గాక.

2018 జూలైలో కేంద్రప్రభుత్వము ఇరుసు బరువుల హద్దులను పెంచినది. నాలుగు చక్రముల ఒంటి ఇరుసునకు 10.2 టన్నులుండిన హద్దు 11.5 టన్నులైనది; పెద్ద వాహనమునకు మొత్తము 49 టన్నులుండిన హద్దు 55 అయినది. క్రొత్త లారీల శక్తియు, ప్రపంచపు వాడుకయు గమనించి చేసిన మార్పు అది. రవాణా ఖర్చు తగ్గును. అయితే పై సూత్రము ప్రకారము 10.2 నుండి 11.5కు పోవుట యనగా దారిమీది భారము ఒకటిన్నర రెట్లు మించుట. హద్దు సడలినకొలది ఆ హద్దును సరిగా తూచవలసిన బాధ్యత పెరుగును. ఈ మాట నా దస్త్రములు నాకు నేర్పినవి.

పరుగెత్తుచున్నదానిని తూచుట

లక్షల లారీలు పోవు రహదారిలో ఒక్కొక్కదానిని ఆపి, ధర్మకాంట ఎక్కించి, ముల్లు నిలుచువరకు వేచి తూచుట సాధ్యమా? 1988 చట్టపు 114వ సెక్షను అధికారికి లారీని తూకమునకు పంపు అధికారమునిచ్చుచునే, ఆ కాటా ముందుదారిలో పది కిలోమీటర్ల లోపలనో, గమ్యస్థానమునకు ఇరువది కిలోమీటర్ల లోపలనో ఉండవలెనని హద్దు పెట్టినది. అనుమానముతో పదిమందిని పంపగా తొమ్మిదిమంది నిరపరాధులైనచో వారి కాలనష్టమునకు ఎవరు బాధ్యులు? తూచకుండ విడిచినచో దారికి ఎవరు దిక్కు? ఈ సంకటమునుండి పుట్టినదే కదలు బండి తూనిక.

1952లో అమెరికా దేశపు రహదారి శాఖకు చెందిన నార్మన్, హాప్కిన్సు అను ఇద్దరు వర్జీనియా రాష్ట్రమున దారిలో ఒక కాంక్రీటు పలకను పొదిగి, దాని క్రింద బరువును విద్యుత్తుగా మార్చు పరికరములను అమర్చి, ఆగని లారీలను తూచి చూపిరి. మన కేంద్రీయ రహదారి పరిశోధన సంస్థ ఢిల్లీలో ప్రారంభమైనదియు ఆ 1952లోనే యగుట ముచ్చటైన విషయము. పిమ్మట పలకకు మారుగా సన్నని పట్టీలు వచ్చినవి. కొన్ని స్ఫటికములను నొక్కినచో విద్యుత్తు పుట్టునని ఫ్రాన్సులో క్యూరీ సోదరులు 1880లో కనిపెట్టిరి. ఆ ధర్మము గల పట్టీని దారికి అడ్డముగా గాడిచేసి పాతినచో, దానిమీదుగా చక్రము పోవునప్పుడెల్ల బరువునకు తగిన విద్యుత్తు పుట్టును. వంగు ఉక్కుపలకలు, బరువు నెరుగు గుండ్లు, స్ఫటికపు పట్టీలు, ఇవి నేటి వాడుకలోని మూడు విధములు.

చెప్పుటకు సులభము; చేయుట కష్టము. గంటకు 72 కిలోమీటర్ల వేగముతో పోవు లారీ సెకనునకు ఇరువది మీటర్లు పోవును. నేలకు తాకు టైరు భాగము జానెడు పైచిలుకు. అది పట్టీమీద నిలుచునది సెకనులో ఎనుబదియవ వంతు మాత్రమే. అంతలో ముల్లు నిలుచునా? దానికి తోడు లారీ సాఫీగా పోదు. ఎగసి పడుచు పోవును. ఇరుసు సెకనునకు పదిసారుల ప్రాంతమున అదరుచుండును. ఎగసిన క్షణమున పట్టీని తాకినచో బరువు తక్కువ చూపును. పడిన క్షణమున తాకినచో ఎక్కువ చూపును. బస్తాను త్రాసులోనికి విసరినచో సిబ్బె క్రిందికి పోయి పైకి వచ్చునట్లే. కావున ఒక పట్టీకి మారుగా రెండు మూడు పట్టీలను ఎడమెడముగా పాతి సగటు తీయుదురు. పట్టీకి ముందు వెనుక దారి అద్దమువలె చదునుగా నుండవలెను. ఎండకు కొన్ని పట్టీల గుణము మారును. కావున వేడిమిని కూడ కొలిచి లెక్క సరిచేయవలెను. ఆపుచు, సాగుచు పోవు లారీకి తూకము తప్పును; బ్రేకు వేసినచో భారము ముందు ఇరుసుమీదికి ఒరుగును.

మరి ఆ తూకము నిజమని ఎట్లు తెలియును? ఇక్కడనే పరీక్ష. ధర్మకాంటమీద ఇరుసు ఇరుసుగా తూచి బరువు తెలిసికొన్న లారీని అదే పట్టీలమీదుగా పలుమారులు నడపుదురు. ఒకసారి మెల్లగా, ఒకసారి వేగముగా. ఒకసారి నిండుగా, ఒకసారి సగముగా. ఉదయపు చల్లదనమున, మధ్యాహ్నపు ఎండలో. చూపిన అంకెలను నిజమైన బరువుతో పోల్చి, ఎన్నిసారులు ఎంత తేడా వచ్చినదో లెక్కించి, సరిచేసి, మరల నడపుదురు. వాహనముల రాకపోకల లెక్కకై ఉపయోగించు పరికరములకు అమెరికా ప్రమాణము నూటికి తొంబదియైదు సారులు మొత్తపు బరువు పదిశాతము తేడాలో నుండవలెనని చెప్పుచున్నది. అధిక బరువును పసికట్టుటకు ఉపయోగించువానికి ఆరు శాతమే అనుమతి. మన కోమటి దుకాణమున అనుమానము గల కొనుగోలుదారు సరకును రాళ్ళను తట్టలు మార్చి తూపించుకొనును కదా. ఈ పరీక్ష ఆ తట్టలు మార్చుటయే. త్రాసును తూచనివాడు దానిని నమ్మరాదు. కౌటిల్యుని నాలుగు మాసముల ముద్రకు భావము కూడ ఇదియే. ఒకసారి సరిచేసిన కాంట ఎల్లకాలము సరిగా నుండదు.

కావున కదలు తూనిక అనుమానించుటకు. నిలుకడ తూనిక నిర్ణయించుటకు. పట్టీ సాక్షి, ధర్మకాంట న్యాయాధిపతి. సాక్షి మాటమీదనే శిక్ష విధించు న్యాయస్థానము ఎట్టిదో, కదలు తూనికమీదనే దండుగ వేయు గేటు అట్టిది.

సూరతు సీమలో

సూరతు చుట్టుప్రక్కల ఈ కథకు మరికొన్ని అధ్యాయములు కలవు. మహారాష్ట్రపు సరిహద్దున సోన్‌గఢ్, భిలాడ్ మొదలగు చోట్ల గుజరాతు రవాణా శాఖవారి తనిఖీ ఠాణాలుండెడివి. పూర్వము లారీని ఆపి, చేతితో లెక్కవ్రాసి, దండుగ నిర్ణయించుటకు సుమారు అరగంట పట్టుచుండెను. ఆ అరగంటలో ఏమేమి చేతులు మారుచుండెనో దేవుడెరుగును. 1999-2000లో ఆ రాష్ట్రము పది ఠాణాలలో ఎలెక్ట్రానిక్ కాటాలను, కెమెరాలను, కంప్యూటర్లను నెలకొల్పినది. కెమెరా లారీ సంఖ్యను పట్టుకొనును, కాటా బరువు చెప్పును, కంప్యూటరు దండుగ లెక్క కట్టును. అరగంట పని రెండు నిమిషములకు దిగినది. రెండేండ్లలో ఆదాయము దాదాపు మూడింతలైనది. మనుష్యుని విచక్షణకు తావు తగ్గినకొలది ఖజానాకు న్యాయము పెరిగెనన్నమాట. ప్రపంచ బ్యాంకు దీనిని ఇతర దేశములకు ఉదాహరణముగా చూపినది. కాలము మారినది, 2019 నవంబరు 20 నుండి గుజరాతు ప్రభుత్వము తన పదునారు రవాణా ఠాణాలను ఎత్తివేసినది. 2008 నాటి జాతీయ రహదారుల సుంకపు నియమములలో అధిక బరువు వాహనములను గూర్చి నిబంధన ఉండుటచే సుంకపు గేట్లకు ఈ బాధ్యత ముఖ్యముగా సంక్రమించినది.

హజీరా రేవుకడ మరియొక విశేషము. ఉక్కు కార్ఖానాలో మిగిలిన చిట్టెముతో, ఆరు వరుసల వెడల్పుతో, సుమారు కిలోమీటరు పొడవైన దారిని కేంద్రీయ రహదారి పరిశోధన సంస్థ మార్గదర్శకత్వమున వేసిరి. దానికి పట్టిన చిట్టెము సుమారు లక్ష టన్నులు. 2022 జూన్‌లో దానికి ప్రారంభోత్సవము జరిగినది. దినమునకు వేయికి మించిన బరువు లారీలు దానిమీదుగా పోవుచు దానిని పరీక్షించుచున్నవి. పారవేయవలసిన చిట్టెము దారియై నిలిచినదా లేదా అను ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నను ముందు ఆ లారీల బరువు తెలియవలెను. తూకము లేనిదే శాస్త్రము లేదు.

శిక్ష ఎవరికి?

2019 సెప్టెంబరు 1 నుండి అమలైన సవరణ ప్రకారము అధిక బరువునకు దండుగ 20,000 రూపాయలు; మించిన ప్రతి టన్నునకు మరియొక 2,000. అంతకుముందు అది 2,000, టన్నునకు 1,000 మాత్రమే. మించిన సరకును దింపించిన పిమ్మటనే లారీని కదలనీయవలెను. దండుగ పదిరెట్లు పెరిగిన నాడు కాంటలోని తప్పునకు గూడ వెల పదిరెట్లు పెరిగినదని మనము గ్రహింపవలెను. పూర్వము రెండువేలతో పోయెడి తప్పు తూకము నేడు ఒక లారీ తోలువాని నెలజీతమును మ్రింగగలదు.

చట్టము మాత్రము న్యాయముగానే మాటలాడినది. తోలినవానిని మాత్రమే గాక, తోలించినవానిని గూడ అది బాధ్యుని చేసినది. 113వ సెక్షనులో, తోలువాడు యజమాని కానప్పుడు, యజమానికి తెలిసియే, అతని ఆజ్ఞచేతనే ఆ నేరము జరిగినదని న్యాయస్థానము భావింపవచ్చునని స్పష్టముగా నున్నది. బస్తాలు వేయించినవాడు చల్లని గదిలో నుండును. గేటుకడ ఎండలో నిలుచువాడు తోలువాడు. చట్టపు పుటలో నున్న యజమానిని గేటువరకు పిలిపించుట ఉద్యోగుల ధర్మము. మన సంఘములో అధికభాగము ప్రభుత్వోద్యోగులమే గాన ఈ మాట మనకు మనమే చెప్పుకొనుచున్నాను.

సూరతులో తెలుగువారు తక్కువవారు కారు. తెలంగాణమునుండి తరతరములుగా వచ్చిన పద్మశాలీలు లింబాయత్, ఉధనా మొదలగు ప్రాంతములలో మరమగ్గముల నడుమ జీవించుచున్నారు. అచ్చటి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమమున పాఠశాలలు నడుపుచుండుట వారి సంఖ్యకును, పట్టుదలకును నిదర్శనము. వారు నేసిన గుడ్డ లారీ ఎక్కి దేశమంతట పోవుచున్నది. మన ఇంటి ఆడపడుచులు కట్టు చీరెలలో ఎన్ని ఆ బాటవెంట వచ్చినవో! దారి చెడినచో కిరాయి పెరుగును. కిరాయి పెరిగినచో చీరె ధర పెరుగును. నేతగాని కూలి మాత్రము పెరుగదు. కావున రహదారి కాంట లారీలవారి గొడవ మాత్రమే కాదు.

ఉపసంహారము

ఆనాడు మా నిజామాబాదు సోదరుని లారీని ప్రక్కనున్న ధర్మకాంట ఎక్కించిరి. నా వాహనమును కాసేపు ఆపించి నేనును నిలిచితిని. అతడు క్రిందికి దిగి చేతులు కట్టుకొని అంకెలవైపు చూచుచు నిలుచుండెను. జహంగీరు పాదుషా తులాభారమున గూడ అంత ఆత్రముతో ఎవ్వరును ముల్లువైపు చూచియుండరు. అంకెలు కదలి, కదలి నిలిచినవి. బరువు హద్దుకు లోపలనే యున్నది. ఉద్యోగి మారుమాటాడక చీటీ యిచ్చి పంపెను. అతడు నావైపు తిరిగి, "చూసిన్రా సార్, ఆగినంకనే అసలు తూకం" అని నవ్వి లారీ ఎక్కెను.

అతడడిగిన ప్రశ్నకు సమాధానము అతడే చెప్పిపోయినట్లు నాకిప్పుడు తోచుచున్నది. పరుగెత్తు లోకమును పరుగులోనే తూచవలసిన కాలము వచ్చినది; దానిని కాదనలేము. కాని అనుమానము కలిగినప్పుడు ఆపి, నిలిపి, మరల తూచుటకు ఒక ధర్మకాంట ప్రక్కనే ఉండవలెను. ఆ కాంటనుకూడ ఎవరో ఒకరు కాలమున కొకసారి తూచుచుండవలెను. రహదారికే కాదు, దస్త్రములమీద పరుగుపరుగున మనుష్యుల మంచిచెడ్డలను తూచు మా బోటి ఉద్యోగులకును ఇది వర్తించును. ఒక అర్జీని త్రోసిపుచ్చుటకు ముందు మరియొకసారి నిలిపి చూడగల ఓపిక మనకున్నచో, మన బల్లలును ధర్మకాంటలే.